పందెపు డ్రోనులు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

గడచిన కొన్ని నెలలుగా సభ్యులు కొందరు డ్రోనులను గూర్చి మమ్ము ప్రశ్నించుచున్నారు. ఆస్పరి మండలపు సభ్యులొకరు మందు కొట్టు డ్రోనును మన సంఘము కొనిన బాగుండునా యని యడిగిరి. ఆదోనినుండి మరియొకరు, పట్నమున చదువుకొనుచున్న తమ కుమారుడు విడిభాగములు తెప్పించుకొని చిన్న డ్రోను నొకదానిని కూర్చుకొనెననియు, అది బాణమువలె పోవుచున్నదనియు, దానిని చూచి సంతోషింపవలెనో భయపడవలెనో తెలియకున్నదనియు వ్రాసిరి. ఈ రెండు ప్రశ్నలకును వేరువేరుగా బదులు చెప్పుటకంటె నొక్కచోటనే చెప్పుట మేలని మాకు తోచినది. ఏలయన పందెములకై పుట్టిన డ్రోనును, పొలమున మందు చల్లు డ్రోనును ఒక్క కుదురునుండి వచ్చినవే. మొదటిదాని పని తెలిసినయెడల రెండవదాని గుణదోషములు సులభముగా బోధపడును.

మన ప్రాంతమున ఉగాదికిని జాతరలకును బండలాగుడు పందెములు జరుగుట యందరు నెరిగినదే. పందెపుటెద్దుల మేత వేరు, సాధన వేరు, వాని పొగరు వేరు. రైతు వానిని చూచి యానందించును గాని, వానిని కట్టి విత్తనపు గొర్రు తోలుమనిన నొప్పుకొనడు. సాలు తప్పకుండ, అదిలించినపుడు నడచి, ఆపినపుడు నిలుచు ఎద్దు సేద్యమునకు కావలెను. డ్రోనుల సంగతియు నిట్టిదే. ఈ పోలికను చదువరులు మనసునందుంచుకొనిన, ముందు చెప్పబోవు మాటలలో చాలవరకు తమంత తామే యూహించుకొనగలరు.

పందెపు డ్రోను చూపునకు చిన్నది. కార్బన్ ఫైబరు అను తేలికయు గట్టియునైన పలకతో చేసిన చట్రమునకు నాలుగు చేతులుండును. ఒక్కొక్క చేతి కొనయందు గుప్పిటనిముడు మోటారును, దానిపై 5 అంగుళముల రెక్కయు నుండును. నడుమ బ్యాటరీయు, అగ్గిపెట్టె కంటె పెద్దది కాని కంప్యూటరు పలకయు, ముందు ప్రక్క కెమెరాయు నమర్తురు. అంతయు కలిపి తూచిన సాధారణముగా 600 లేక 700 గ్రాములు. దీనికి విమానమునకున్నట్టి చాచిన రెక్కలు లేవు, తోక లేదు. నాలుగు మోటార్ల వేగమును హెచ్చించుట తగ్గించుట యను నొక్క యుపాయముతోనే అది లేచును, దిగును, ప్రక్కకు పోవును, తలక్రిందులగును.

అదెట్లనిన, బోరుబావి మోటారు వేయగానే పైపు ఒక్క జాడింపు జాడించుటను మనము చూచియున్నాము. మోటారు ఒకవైపునకు తిరుగుటకు యత్నించినపుడు దానిని మోయు వస్తువు రెండవవైపునకు తిరుగజూచును. డ్రోనునందు నాలుగు మోటార్లును ఒకే వైపునకు తిరిగినచో, డ్రోనంతయు బొంగరమువలె ఎదురు దిక్కునకు గిరగిర తిరుగును. కావున రెండు కుడివైపునకును రెండు ఎడమవైపునకును తిరుగునట్లు కూర్తురు. అపుడు జాడింపు జాడింపుతో చెల్లిపోవును. వెనుక రెండు మోటార్లు వేగము హెచ్చిన తోక లేచి ముక్కు వంగి ముందునకు దూసుకొనిపోవును. ఎడమవి హెచ్చిన కుడివైపునకు వాలును. ఈ హెచ్చుతగ్గులను మనుష్యుని చేయి నిర్ణయింపజాలదు. ఆ చిన్న కంప్యూటరు పలక తానెంత వాలితినో సెకనునకు కొన్ని వేల మారులు చూచుకొని, మోటార్లను సవరించుచుండును. నడుపువాడు ఇటు పొమ్మని చెప్పును, పడిపోకుండ నిలుచు భారము పలకది.

దీని వేగమునకు కారణము బరువు తక్కువయు బలము మిక్కుటమునగుట. నాలుగు మోటార్లు కలిసి డ్రోను బరువునకు సుమారు పది రెట్ల బరువును పైకెత్తగల యూపు పుట్టించును. ఒక కాడి యెద్దులకు బండి బరువు పోయి ఖాళీ కాడి మాత్రమే మిగిలిన నెట్లు పరుగెత్తునో ఊహింపుడు. నిలిచినచోటినుండి రెండు సెకనులు గడువకమునుపే గంటకు 100 కిలోమీటర్ల వేగమందుకొనుట వీనికి సామాన్యము. పందెములలో 120 మొదలు 160 కిలోమీటర్ల వరకు పోవును. పందెమునకు గాక వేగమునకే ప్రత్యేకముగా చేసిన డ్రోను నొకదానిని దక్షిణాఫ్రికా దేశపు తండ్రికొడుకులు మైక్ బెల్, ల్యూక్ బెల్ అనువారు 2024లో గంటకు 480 కిలోమీటర్లు పరుగెత్తించి గిన్నిస్ పుస్తకమున కెక్కిరి. ఆస్పరి స్టేషనున ఆగక దాటిపోవు ఎక్స్‌ప్రెస్ బండికి మూడు రెట్లకు మించిన వేగమది. అటుపిమ్మట ఇతరులును వారును ఆ లెక్కను ఇంకను పెంచిరి.

ఇక నడుపువాని సంగతి. అతడు ఆకాశము వంక చూడడు. కండ్లకు మూతవంటి అద్దములు తగిలించుకొని, డ్రోను ముందరి కెమెరా చూచుదానినే తానును చూచును. తాను డ్రోనుపై కూర్చుండి పోవుచున్నట్లే యతనికుండును. సందులలో, చెట్లకొమ్మల నడుమ అంత వేగమున దూరగలుగుట దీనివలననే. కాని తన ప్రక్కనెవరు వచ్చిరో, పైనేమి యెగురుచున్నదో యతనికి కానరాదు. అందుచేత బాధ్యత తెలిసినవారు ప్రక్కన నొక తోడును నిలువబెట్టుకొని, ఆ తోడు ఆకాశమును చుట్టుప్రక్కలను కనిపెట్టుచుండునట్లు చేయుదురు. మన యాదోని సభ్యుని కుమారుడు ఈ తోడు లేకుండ ఎగురవేయుచున్నచో తండ్రి వెంటనే మాన్పింపవలెను. ఇంతటి యాట ఎంతసేపందురా? బ్యాటరీ రెండు మూడు నిమిషములలో నైపోవును.

పందెముల చరిత్ర పెద్దది కాదు. 2010 తరువాతి సంవత్సరములలో జర్మనీ, ఆస్ట్రేలియా మొదలగు దేశముల ఔత్సాహికులు ఖాళీ స్థలములలోను పాడుబడిన గిడ్డంగులలోను ఆరంభించిరి. 2016 మార్చిలో దుబాయిలో జరిగిన పెద్ద పందెమున ఇంగ్లండునుండి వచ్చిన 15 ఏండ్ల బాలుడు ల్యూక్ బానిస్టరు గెలిచి, తన జట్టుకు రెండున్నర లక్షల డాలర్ల బహుమానము తెచ్చెను. 2018లో చైనాలోని షెన్‌జెన్ నగరమున జరిగిన ప్రపంచపు పోటీలో గెలిచిన ఆస్ట్రేలియా బాలునికిని 15 ఏండ్లే. పెద్దలకంటె పిల్లలకీ విద్య త్వరగా పట్టుబడుటకు వ్రేళ్ళ చురుకుదనము కారణమందురు. పొలమున సగము దినము గడపిన వాని వ్రేళ్ళకు ఆ చురుకుదనము మిగులునా యను సందేహము మాకున్నది గాని, అది వేరు సంగతి.

దీనికంటె చింతింపదగినది 2023లో జరిగినది. స్విట్జర్లాండులోని జూరిక్ విశ్వవిద్యాలయమువారు నడుపువాడే లేక, తనంత తానే దారి చూచుకొని పోవు డ్రోనును చేసి, ముగ్గురు పేరుపొందిన పందెగాండ్రతో పోటీ పెట్టిరి. 25 పందెములలో యంత్రము 15 గెలిచెను. ఈ వృత్తాంతము ఆ సంవత్సరము ఆగస్టులో నేచర్ అను శాస్త్రపత్రికలో ప్రకటింపబడెను. 2025 ఏప్రిలులో అబూధాబీ పందెమున హాలెండులోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయపు డ్రోనును మానవ విజేతలను మించెను. మనిషి చేయి లేకున్నను ఇంతటి వేగమున గురి తప్పక పోగల యంత్రము పుట్టినదని తెలిసినపుడు, దానిని ఎవరు దేనికి వాడుదురో యను ప్రశ్న వెంటనే వచ్చును.

ఆ ప్రశ్నకు కొంత సమాధానమిదివరకే దొరకినది. 2022లో ఉక్రెయినుపై రష్యా దండెత్తిన తరువాత, పందెపు డ్రోనులవంటివానికే ప్రేలుడు పదార్థము కట్టి ఇరుపక్షములవారును ప్రయోగింపసాగిరి. అవే మోటార్లు, అదే చట్రము, అవే కండ్లద్దములు. మన రూపాయలలో నలుబదివేల ప్రాంతమున పడు వస్తువు కోట్ల విలువగల యుద్ధశకటమును కాల్చుచున్నది. రేడియో సంకేతమును అడ్డగించి డ్రోనును పడగొట్టు యంత్రములు రాగా, దానికి విరుగుడుగా కిలోమీటర్ల పొడవుగల సన్నని గాజుదారమును వెంట విడుచుచు పోవు డ్రోనులు వచ్చినవి. ఆ దారములు సాలెగూళ్ళవలె సేద్యపు భూములపై పరచుకొని యున్న చిత్రములు పత్రికలలో చూచితిమి. ఖేర్సాను ప్రాంతమున పొలములలో ట్రాక్టరు తోలు రైతులును డ్రోనుల పాలైరి. అచ్చటి సాధారణ జనులపై జరిగిన డ్రోను దాడులు మానవజాతిపట్ల చేసిన నేరములని ఐక్యరాజ్యసమితి విచారణ సంఘము 2025లో నిర్ణయించెను. ఈ సంగతులు వ్రాయుటకు మాకు మనసొప్పలేదు. అయినను పొలము దున్నుకొనువాని తలపైకి పందెపు యంత్రము మృత్యువై రాగలదని తెలిసియు చెప్పకుండుట సభ్యులపట్ల న్యాయము కాదు.

మన దేశమును దీనికి దూరము కాదు. 2021 జూను 27వ తేదీన జమ్మూలోని వైమానిక స్థావరముపై డ్రోనులతో బాంబులు వేసిరి. 2025 మే నెలలో పాకిస్థానుతో సంఘర్షణ జరిగినపుడు ఒక్క రాత్రిలోనే 300 మొదలు 400 వరకు డ్రోనులు సరిహద్దు దాటజూచెనని ప్రభుత్వము ప్రకటించెను. ఇట్టివానిని ఎదుర్కొను విద్యలో మన కర్నూలు జిల్లాకు చోటు దొరకినది. జిల్లాలోని రక్షణశాఖ పరీక్షాక్షేత్రమున 2025 ఏప్రిలు 13వ తేదీన హైదరాబాదు పరిశోధనాలయమువారు లేజరు కిరణముతో ఎగురుచున్న డ్రోనులను కాల్చి పడగొట్టి చూపిరి. గుంపుగా వచ్చిన డ్రోనులను సైతము ఆ కిరణము చెరిపెను. అదే సంవత్సరము జూలైలో డ్రోనునుండి విడువబడు క్షిపణిని ఆ క్షేత్రముననే పరీక్షించిరి. ఓర్వకల్లు ప్రాంతమున డ్రోనుల తయారీకై 300 ఎకరముల స్థలము ప్రత్యేకింపవలెనని రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరునాటి డ్రోను విధానమున సంకల్పించెను. కావున జిల్లాకు తూర్పున డ్రోనులు చేయుటయు, వానిని పడగొట్టుటయు రెండును సాగుచుండగా, పడమటనున్న మనము వాని పేరు కూడ తెలియకుండుట తగదు.

మేలు చేసిన సందర్భములును చెప్పవలెను గదా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు, పడవలు చేరలేని మేడలపైకి డ్రోనులతో అన్నపు పొట్లములు, మందులు దింపిరి. తెలంగాణములో 2021 సెప్టెంబరున వికారాబాదు ప్రాంతమున మందులను డ్రోనులతో పంపు ప్రయత్నము జరిగెను. మన దేవరగట్టు బన్ని యుత్సవమున దసరా రాత్రి పోలీసువారు డ్రోను కెమెరాలతో గుంపులను కనిపెట్టుచుండుట అచ్చటికి పోయినవారు చూచియేయుందురు. భూముల రీసర్వే కొరకును డ్రోనులు వాడిరి. ఆ కొలతలలో విస్తీర్ణము తగ్గినదని ఫిర్యాదు చేసిన రైతులు రాష్ట్రమంతటను గలరు. పైనుండి తీసిన చిత్రము గట్టును చూపును గాని, గట్టుపై తాతలనాటి యొప్పందమును చూపజాలదు.

ఇక మనకు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. మందు చల్లు డ్రోను పందెపు డ్రోనునకు పెద్దన్నవంటిది. నాలుగుకు బదులు ఆరు రెక్కలుండవచ్చును. 10 లీటర్ల మందుతొట్టి, దాని క్రింద సన్నని తుంపర వెదజల్లు ముక్కులు నుండును. తొట్టి నిండినపుడు మొత్తము బరువు 25 కిలోలకు కొంచెము లోపుగా నుండునట్లు చేయుదురు. పందెపుదాని కొడుపును పూర్తిగా విడిచి, ఇది పైరుపై రెండు మీటర్ల యెత్తున సెకనునకు మూడు నాలుగు మీటర్ల చొప్పున, అనగా మనిషి వడిగా నడచిన దానికి రెండింతల వేగమున, గీత గీచినట్లు పోవలెను. వేగము పెరిగినకొలది మందు ఆకుపై పడక వెనుక గాలిలో మిగిలిపోవును. సాలు తప్పని ఎద్దని మొదట మేమన్నది దీనినే.

దీనివలని లాభములు నిజమైనవి. వీపుపై డబ్బా పెట్టుకొని ఎకరము పత్తికి మందు కొట్టుటకు 150 మొదలు 200 లీటర్ల నీరు కావలెను. డ్రోనునకు 10 లీటర్లు చాలును. కృష్ణా డెల్టా రైతునకు ఇది పెద్దగా తోపకపోవచ్చును. మండువేసవి దాటినను బావులలో నీరు పైకిరాని ఆస్పరి, దేవనకొండ ఎర్రనేలల రైతు ట్యాంకరుతో నీరు తోలించుకొనుటకు ఎంత పెట్టుచున్నాడో యతనికే తెలియును. రెండవది, వాన వెలిసి రేగడిలో అడుగు పెట్టిన మోకాలిలోతు దిగబడు దినములలో కూడ పైనుండి మందు చల్లవచ్చును. పురుగు బురద ఆరువరకు ఆగదు గదా. ఎకరమొక పది నిమిషములలో ముగియును. రెక్కల గాలి క్రిందికి కొట్టి ఆకులను కదల్చుటచే అడుగు ప్రక్కకును కొంత తుంపర చేరును.

మూడవ లాభము అన్నిటికంటె పెద్దది. 2017లో మహారాష్ట్రమందలి యవత్మాల్ జిల్లాలో పత్తిచేలకు మందు కొట్టుచు ఆ విషము సోకి ఇరువదిమందికి పైగా రైతులు, కూలీలు మరణించిరి. ఎత్తుగా పెరిగిన చేనిలో, ముఖమునకు గుడ్డ లేక, తలపైనుండి తుంపర మీద పడుచుండగా వారు పనిచేసిరి. మన యాదోని పత్తిచేలలో పనిచేయు విధము అంతకంటె భిన్నమని మేము చెప్పలేము. డ్రోను నడుపువాడు చేనిలో లేక గట్టుపై, గాలి వచ్చు ప్రక్కన నిలుచును. ఒక్క ఈ కారణముచేతనైనను దీనిని తోసిపుచ్చరాదని మా యభిప్రాయము. మందు కొట్టి పొట్ట పోసికొను కూలీలకు పని తగ్గునే యని యడుగువారు న్యాయముగానే యడుగుచున్నారు. వలసపోయి గుంటూరు మిరపచేలలో పనిచేయు కుటుంబములు మన మండలములలో నెన్నియో. వారిలో చదివిన పిల్లలకే నడుపు పని నేర్పించుట యొక మార్గము. స్త్రీల స్వయంసహాయక సంఘములకు 80 వంతులు, 8 లక్షలకు మించకుండ, రాయితీ ఇచ్చి డ్రోనులిచ్చు పథకమును కేంద్ర మంత్రివర్గము 2023 నవంబరులో ఆమోదించి, 15 దినముల శిక్షణ నేర్పరచెను.

ప్రమాదములలో మొదటిది నీరు తగ్గుటలోనే దాగియున్నది. 150 లీటర్లలో కలుపవలసిన మందును 10 లీటర్లలో కలిపినపుడు ఆ నీరు పదునైదు రెట్లు చిక్కనగును. దాని తుంపర గాలికి ప్రక్క చేనిపై పడినయెడల, డబ్బా మందు పడినదానికంటె పదునైదు రెట్లు కీడు చేయును. పత్తి ప్రక్కన కంది, దాని ప్రక్కన ఉల్లిగడ్డ, నడుమ ఎవరివో నాలుగు మేకలు, ఇది మన పొలముల తీరు. కలుపు మందు విషయమున మరింత భయము. ఒకరి పైరునకు మేలైనది మరియొకరి పైరును మాడ్చును. మన మెట్టలపై గాలిమరలు నిలిపిన కంపెనీలవారు ఇచ్చట గాలి యెక్కువని లెక్క చూచియే వచ్చిరి. కావున ఉదయము ఎండ ముదురక మునుపును, సాయంకాలము గాలి తగ్గినపుడును మాత్రమే చల్లింపవలెను. ఇరుగుపొరుగు రైతులకు ముందునాడే చెప్పవలెను. బావులు, పశువుల తొట్లు, ఇండ్లు ఉన్న ప్రక్క కొంత మేర విడువవలెను. డ్రోనుతో మందు చల్లుటకు పాటింపవలసిన విధులను కేంద్ర వ్యవసాయశాఖ 2021 డిసెంబరులో ప్రకటించెను. ప్రతి మందును డ్రోనుతో చల్లరాదు. అందుకు అనుమతి గలవానినే వాడవలెను.

రెండవది దెబ్బ. లెక్క చూడుడు. 600 గ్రాముల పందెపు డ్రోను గంటకు 150 కిలోమీటర్ల వేగమున తగిలిన, 90 మీటర్ల ఎత్తునుండి జారవిడిచిన అంతే బరువుగల రాయి తగిలినట్లే. 25 కిలోల మందు డ్రోను నెమ్మదిగా పోవునదే యైనను, మూడు మీటర్ల యెత్తునుండి పడిన దాని దెబ్బ మొదటిదానికంటె ఎక్కువ. చిన్నది వేగముచేతను, పెద్దది బరువుచేతను హాని చేయును. తిరుగు రెక్క వ్రేలిని కోయునది. చూడవచ్చిన పిల్లలు దిగుచున్న డ్రోనువద్దకు పరుగెత్తుట ప్రతి ఊరిలోను జరుగుచున్నదే. మేము చూచిన ప్రదర్శన నొకదానియందు నడుపువాడు డ్రోనును దింపుటకంటె పిల్లలను తరుముటకే యెక్కువ శ్రమపడెను. కరెంటు తీగలు మరియొక గండము. మన పొలములలో తీగలు వ్రేలాడుచు క్రిందికి దిగియుండుట కొత్త కాదు. కెమెరాలో సన్నని తీగ కనబడదు.

చట్టపు సంగతి కొంచెము చెప్పి ముగింతుము. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమముల ప్రకారము 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్నవి యని తరగతులు చేసిరి. కొనినవారు కేంద్ర పౌరవిమానయాన శాఖవారివద్ద నమోదు చేసి గుర్తింపు సంఖ్య పొందవలెను. నానో తరగతికిని, వ్యాపారమునకు గాక వినోదమునకు వాడు మైక్రో తరగతికిని నడుపు సర్టిఫికెట్టు అక్కరలేదు. మందు చల్లు డ్రోను నడుపువానికి అది తప్పదు. అతడు పదవ తరగతి దాటి 18 ఏండ్లు నిండినవాడై యుండవలెను. సామాన్యముగా 400 అడుగులకు మించి ఎగురరాదు. విమానాశ్రయముల చెంత 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేనిదే ఎగురవేయరాదు, 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగులకు మించరాదు. రక్షణశాఖ స్థలములు పూర్తిగా నిషిద్ధములు. 2018 డిసెంబరులో లండనువద్ద గాట్విక్ విమానాశ్రయమున డ్రోను కనబడెనన్న మాటకే సుమారు వెయ్యి విమానములు నిలిచిపోయెను. విదేశములనుండి పూర్తిగా కూర్చిన డ్రోనులను తెప్పించుటను 2022 ఫిబ్రవరిలో నిషేధించిరి. విడిభాగములకు ఆ నిషేధము లేదు. ఆదోని బాలుడు విడిభాగములు కొని కూర్చుకొనుటలో తప్పేమియు లేదు. నమోదు చేయించి, ఊరికి రైలుకట్టకు దూరముగా, తోడు నిలువబెట్టుకొని ఆడుకొనినచో అతడు నేర్చు విద్య రేపు మనకే పనికివచ్చును. అతని తండ్రికి మా బదులిది.

ఆస్పరి సభ్యుని ప్రశ్నకు బదులు లెక్కలతోనే చెప్పవలెను. మందు డ్రోను, దాని బ్యాటరీలు, సామగ్రి కలిసి 10 లక్షల ప్రాంతమున నగును. రైతుల సహకార సంఘములు నడుపు అద్దె యంత్రముల కేంద్రములకు కేంద్ర పథకమున ఖరీదులో 40 వంతులు, 4 లక్షలకు మించకుండ, రాయితీ యేర్పరచిరి. అది దొరకిన 6 లక్షలు మనము పెట్టవలెను. ఎకరమునకు 400 రూపాయల బాడుగ యనుకొందము. మన మెట్టసేద్యమున మందు చల్లు దినములు సంవత్సరమునకు 60 అనుకొని, దినమునకు 15 ఎకరముల చొప్పున చూచిన 900 ఎకరములు, 3,60,000 రూపాయలు. దీనిలోనుండి నడుపువానికి, అతని తోడునకు జీతము, బండి ఖర్చు, భీమా, చార్జికి కరెంటు తీయవలెను. అన్నిటికంటె భారము బ్యాటరీలు. అవి కొన్నివందల మారులు చార్జి చేసిన పిమ్మట బలహీనమగును, వేసవిలో మన యెండకు ఇంకను త్వరగా చెడును. వానలు తప్పిన సంవత్సరమున 900 ఎకరములు 300 కావచ్చును. అపుడు వాయిదా యెవరు కట్టుదురు?

మనలో పదుగురు కలిసి సాధనము పెట్టుకొనుట కొత్త కాదు. ఎమ్మిగనూరున 1938లో మాచాని సోమప్ప గారు నేతగాండ్రను సంఘముగా కూర్చినపుడు ఒక్కొక్క మగ్గము వేరుగా చేయలేని పనిని కలిసి చేయవచ్చునని చూపిరి. కాని వారికి మగ్గము పని ముందే తెలియును. మనకు డ్రోను పని తెలియదు. ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2023లో 2,500 డ్రోనులు కొనుటకు నిశ్చయించెను గాని, ఆ పెట్టుబడి మనవంటి చిన్న సంఘమునకు కొలబద్ద కాదు. వారు ముఖ్యముగా నానో యూరియా చల్లుటకు వానిని తలపెట్టిరి. దాని ఫలితములపై శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయములు గలవు. పురుగుమందు చల్లించుకొనుటకును, నానో యూరియా కొనుటకును ముడిపెట్టు బాడుగదారుని సభ్యులు ఒప్పుకొనరాదు.

కావున మా సలహా యేమనగా, రానున్న ఖరీఫున కొనక బాడుగకు తెచ్చి, ఇరువదిమంది సభ్యుల పత్తిలో, కందిలో చల్లించి చూతము. ప్రతి రైతును చేనిలో సగము డ్రోనుతోను, సగము డబ్బాతోను కొట్టించి, మందు ఖర్చు, నీటి ఖర్చు, పురుగు మిగిలిన తీరు, క్వింటాళ్ళ లెక్క వ్రాసి యుంచవలెను. గులాబీ రంగు పురుగు కాయలోపల నుండును గనుక పైనుండి ఎంత చల్లినను దానికి చాలదని ముందే తెలిసికొనుట మంచిది. లెక్కలు సంక్రాంతి నాటికి కార్యాలయమునకు చేర్చిన, వానిని సర్వసభ్య సమావేశమున చదివి వినిపింతుము. కొనుటయా మానుటయా యని అపుడు సభ్యులే నిర్ణయింతురు.

బాడుగవాడు రాత్రి ఊరిలో నిలిచి బ్యాటరీలు చార్జి చేసుకొనుటకు చోటడుగును. లిథియము బ్యాటరీ దెబ్బతిని వేడెక్కినయెడల మంట లేచును, అది నీటితో సులువుగా ఆరదు. ఉబ్బిన బ్యాటరీని వాడనీయరాదు. పత్తి బోరెములు, ఎరువుల మూటలు ఉన్న సంఘపు గిడ్డంగిలో చార్జి చేయనీయవలదని గుమాస్తాకు ఇదివరకే చెప్పియున్నాము. కార్యాలయపు వరండాలో, సిమెంటు నేలపై, ప్రక్కన ఇసుక బక్కెట్లు రెండుంచి, మనిషి మెలకువగా నున్నంతసేపు మాత్రమే చేసుకొనవచ్చును.